తొట్టిలో గోదారి

అల్ వర్సాన్, దుబాయ్
20-9-2024

అమ్మడూ దుర్గా,

తాత బానే ఉన్నాడు. తాత మీసం ఇంకా బావుంది. ఇక్కడి ఎండకి మనుషులు వడియాల్లాగా ఎండిపోతన్నారు గాని నా మీసానికి మాత్రం రోజూ కొబ్బరినూనె పడతంది. ఈ ముక్క మీ ఆయన శ్యాంప్రసాద్‌కి చదివి వినిపించు. పాపం అతనికి మూతి మీద మొలిచిందాన్ని మీసం అనాలో, ముక్కు కింద మసి అంటిందనాలో నాకు ఇప్పటికీ తేల్లేదు.

నీ ఉత్తరం చేరింది. ఆరో నెల వచ్చిందన్నావు. సంతోషం. ఇంతకంటే రాయను, నా కన్నే తగులుద్ది. రెండుసార్లు అందినట్టే అంది చెయ్యిజారిపోయింది మనకి. ఈసారి నేను ఎగరను, గెంతను, మా కూలీల కాంపులో ఎవరికీ చెప్పను. నూర్ మొహమ్మద్‌కి ఒక్కడికే చెప్పాను. వాడు నా పక్కమంచం వాడు, చెప్పకపోయినా తెలిసిపోద్ది.

ఫోన్ చెయ్యి తాతా అంటావు. లాంచి ఇంజను పక్కన బతుకంతా సరంగుగా చుక్కాని పట్టి కూచున్న చెవులమ్మా ఇవి. పోయినసారి నువ్వు ‘బాగున్నావా’ అంటే నాకు ‘బావున్నాడా’ అని వినపడింది. చచ్చిపోయిన బావని నేనెక్కడినుంచి తెచ్చేది? వాట్సప్పులో రాయొచ్చు గాని ఆ ఫోను నూర్ మొహమ్మద్‌ది. అందులో వస్తే కాంపు మొత్తం చదువుద్ది. కాగితమే నయం.

కాంపు మెస్సులో నా వంటపని మామూలే. అప్పుడు గోదాట్లో తెడ్డేశాను, ఇప్పుడు గుండిగలో తెడ్డేస్తన్నాను. సరంగు సరంగే.

ఒక ముఖ్యమైన సంగతి. రోడ్డుకి అటుపక్క నోయ్ అని ఒకావిడ చిన్న హోటలు నడుపుతంది. వాళ్ళది థాయిలాండు. నా వయసే ఉంటది, ముందు పళ్ళు రెండు లేవు, కాబట్టి ఎవరూ ఏమీ అనుకోనక్కర్లేదు. ఆవిడ హిందీ నా హిందీ కంటే అధ్వాన్నం, అందుకే మా ఇద్దరికీ బాగా అర్థమవుద్ది. ఆవిడకి నీ సంగతి చెప్పాను. (చెప్పింది ఇద్దరికన్నమాట.) ఆవిడ ఒక ఉపాయం చెప్పింది.

నీ జుట్టులోంచి ఒక చిన్న పాయ, చేతిగోళ్ళ ముక్కలు కాసిని, కాగితంలో పొట్లం కట్టి కవర్లో పెట్టి పంపు. నోయ్ అడిగింది. ఎందుకని అడక్కు, చెప్తే మజా పోద్ది. కార్తీక పౌర్ణమి లోపల అందాలి. యల్లా, తొందరగా.

మీ అత్తగారు గంగాభవాని గారికి నమస్కారాలు. ఆవిడ కోపం కులాసాయేనా?

ఇట్లు,
గుండిగ సరంగు
సూరిబాబు

*

కోటిపల్లి
4-10-2024

తాతకి,

దండాలు తర్వాత. ముందు తిట్లు.

నీ ఉత్తరం పోస్టుమాన్ అత్తయ్య చేతికిచ్చాడు. ఆవిడ అరుగు మీద కూర్చుని, పక్కింటివాళ్ళు కూడా వినేలా పైకి చదివింది. మీసం దగ్గర నవ్వింది. మసి దగ్గర నవ్వలేదు. కొడుకు కదా. గోళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. తర్వాత ఉత్తరం కింద పడేసి, చేత్తో ముట్టకుండా చీపురుతో వీధిలోకి నెట్టింది.

“కడుపుతో ఉన్నదాని వెంట్రుకలూ గోళ్ళూ పరాయి దేశపుదానికి ఎందుకే? అదేం చేసుకుంటదీ, పులుసు పెట్టుకుంటదా? చేతబడి కాకపోతే ఇంకేంటి?” అంది.

నేను వెళ్ళి ఉత్తరం ఏరి తెచ్చుకున్నాను.

ఆ రోజునుంచి నేను తల దువ్వుకుంటే అత్తయ్య పక్కనే నిలబడుతోంది. దువ్వెనకి వచ్చిన ప్రతి వెంట్రుకా ఏరి పొయ్యిలో వేస్తోంది. ఇల్లంతా కంపు. కడుపుతో ఉండగా గోళ్ళు తియ్యకూడదని నీకు మాత్రం తెలియదా? నాకు పిల్లి గోళ్ళలా పెరిగాయి. ఆయన కూడా క్షవరం చేయించుకోకూడదు కదా, నువ్వు వెక్కిరించిన మీసం ఇప్పుడు గెడ్డంలో కలిసిపోయింది. ఆయన్ని చూసి రేవులో కుక్కలు మొరుగుతున్నాయి.

నీకు అన్నీ వెటకారమే. మాకిక్కడ నిద్ర లేదు. రెండుసార్లు పోయాక, ఎవరు ఏం చెప్పినా భయమే తాతా. రాత్రి కాలు పట్టేసినా భయమే, పట్టకపోయినా భయమే. ఆ నోయ్ ఎవరు? నీకేం మందు పెట్టింది? ఉన్నది ఉన్నట్టు రాయి. మజా నాకొద్దు.

కాళ్ళు కొంచెం వాచాయి, అంతే. ఇంకేం లేదు.

నీ మనవరాలు,
దుర్గ

*

అల్ వర్సాన్
17-10-2024

దుర్గమ్మా, పిల్లిగోళ్ళ తల్లీ,

ముందుగా గంగాభవాని గారికి: అమ్మా, నోయ్ పులుసు బానే పెడద్ది. రొయ్యలేస్తది, గోళ్ళెయ్యదు.

ఇంక నీకు. ఉన్నది ఉన్నట్టు రాస్తన్నా, విను.

మన కార్తీక పౌర్ణమి రోజునే వాళ్ళకీ పండగ. పేరు లోయ్ క్రతోంగ్. నాకు నోరు తిరగడానికి వారం పట్టింది. క్రతోంగ్ అంటే దొప్ప, లోయ్ అంటే తేలెయ్యడం. అరటి బోదెని చక్రంలాగా కోసి, చుట్టూ ఆకు మడతలు పెట్టి, పూలు, అగరొత్తి, కొవ్వొత్తి పెట్టి నదిలో వదులుతారు. మన ఆడాళ్ళు పోలి పాడ్యమికి అరటి దొప్పలో దీపం వదలరూ? అదే. నదిని వాళ్ళేమంటారో తెలుసా? ఖోంగ్‌ఖా అమ్మ. అంటే మన గంగమ్మేనే! ఇన్నాళ్ళూ నీళ్ళు పాడుచేశాం, తప్పు క్షమించు తల్లీ అని దణ్ణం పెడతారంట. ఎక్కడో నది ఒడ్డున బుద్ధుడి పాదం ముద్ర ఉందంట, ఆ పాదానికి చేరాలని దీపం పంపుతారంట. నేను ముక్కున వేలేసుకున్నాను. బుద్ధుడు ఎక్కడో అడవిలో కళ్ళు మూసుకుని కూచున్నాడనుకున్నా గాని, ఏటిగట్టున తిరిగాడని నాకెవరు చెప్పారు?

ఆ దొప్పలో ఒక వెంట్రుకా, ఒక గోరు ముక్కా పెడతారు. ఎవరివి పెడితే వాళ్ళ చెడంతా నీళ్ళ మీద ఎల్లిపోద్ది. నోయ్ చెప్పిన మాట ఇదీ: “బాబా, పానీ మే ఛోడో, ఖరాబ్ సబ్ జాయేగా.” చూశావా, ఇందులో చేతబడెక్కడుంది?

అందుకని భయపడకుండా పంపు. నీది నీళ్ళలో వదిలేస్తే ఖలాస్. ఇంక చూసుకోనక్కర్లేదు.

కాళ్ళు వాస్తే ఎత్తు మీద పెట్టుకో. ఉప్పు తగ్గించు. వంటోణ్ణి చెప్తన్నా.

తాత
సూరిబాబు

*

కోటిపల్లి
31-10-2024

తాతా,

ఖలాస్ అని ఎలా రాశావు?

‘నీది నీళ్ళలో వదిలేస్తే ఖలాస్.’ అత్తయ్య ఆ ఒక్క ముక్కే చదివింది. ముందుదీ చదవలేదు, వెనకదీ చదవలేదు. దేవుడి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నేను చెప్పాను, అత్తయ్యా, దుబాయ్‌లో ఖలాస్ అంటే పని అయిపోయింది, ఇంక బెంగ లేదు అని అర్థమట అని. “ఇక్కడ ఖలాస్ అంటే ఏంటో నాకు తెలుసు” అంది లోపలినుంచి. సాయంత్రానికి నా చేతికీ నడుముకీ రక్ష తాళ్ళు కట్టించింది. ఆయనేమో గెడ్డం గోక్కుంటూ నిలబడ్డారు.

నాకు నీ మీద అనుమానం లేదు. కానీ ఆ మాట చదివినప్పుడు నాకూ భయమేసింది. నిజం. నా జుట్టూ నా గోళ్ళూ ఎక్కడో నీళ్ళ మీద నేను లేకుండా తేలుతూ పోతున్నట్టు కళ్ళకి కట్టింది. వద్దు తాతా. నావి ఏమీ ఏ నీళ్ళలోనూ వదలకు. పంపను. నాకిక వదలడం వద్దు. ఇప్పటికి వదిలినవి చాలు.

నేను బాగానే ఉన్నాను. తింటున్నాను, నడుస్తున్నాను. ఎనిమిదో నెల వస్తోంది.

నువ్వు మందులు వేసుకుంటున్నావా?

దుర్గ

*

అల్ వర్సాన్
17-11-2024

అమ్మడూ,

నూర్ మొహమ్మద్ సెలవు మీద రాజమండ్రి వస్తన్నాడు. ఈ ఉత్తరం వాడి చేతికిస్తన్నా. ఖర్జూరాలు కూడా. మీ అత్తగారికి గింజలు తీసినవి పెట్టు, మాట్టాడేటప్పుడు అడ్డం పడకుండా.

నీ మాట విన్నాను. నీదేదీ నీళ్ళలో వదల్లేదు. నీ బదులు ఇంకోటి పెట్టాను. అదేంటో చెప్పను. నూర్ మొహమ్మద్ ఫోన్లో ఫొటోలున్నాయి. చూపించొద్దని ఒట్టేయించుకున్నాను.

పండగ ఎలా జరిగిందో విను. ఇక్కడ చెరువు ఉంది గాని అందులో దీపాలు వదిలితే ఫైనేస్తారంట. అందుకని నోయ్ హోటలు వెనకాల చిన్నపిల్లలు ఈతలాడే ప్లాస్టిక్ తొట్టి పెట్టారు. నీలం రంగు, అడుగున చేపల బొమ్మలు. అదే నది. థాయ్ ఆడాళ్ళు పదిమందికి పైనే వచ్చారు, పట్టుచీరల్లాంటివి కట్టుకుని, పూలు పెట్టుకుని. రోజూ ఇస్త్రీలు చేసేవాళ్ళు, కాళ్ళు పిసికేవాళ్ళు, పిల్లల్ని ఆడించేవాళ్ళు. ఆ సాయంత్రం ఒక్కొక్కళ్ళూ పెళ్ళికూతుళ్ళలాగా ఉన్నారు. దొప్పలు వదిలారు, దణ్ణాలు పెట్టారు.

దీపాలు కదల్లేదు.

ఎలా కదుల్తాయి? తొట్టిలో వాలు ఉంటదా? అన్నీ మధ్యలో గుంపుగా చేరి నిలబడిపోయినియ్యి, బస్సు కోసం కాంపు జనం నిలబడ్డట్టు. నోయ్ మొహం చిన్నబోయింది. వాళ్ళ ఊళ్ళో అయితే దీపం కనపడనంత దూరం పోద్దంట. ఒక పిల్ల ఏడుపు కూడా మొదలెట్టింది.

నేను మెస్సుకి పోయి నా తెడ్డు తెచ్చాను. కడిగే తెచ్చాను, అయినా సాంబారు వాసన పోలేదు. తొట్టి పక్కన నిలబడి నెమ్మదిగా నీళ్ళు తిప్పాను. పులుసు కలిపినట్టు కాదు, రేవులో పడవ మళ్ళించినట్టు. నీళ్ళకి ప్రాణం వచ్చిందే దుర్గా! దీపాలు ఒకదాని వెనక ఒకటి బయల్దేరాయి. ఆడాళ్ళు చప్పట్లు. నోయ్ “నదీ ఆ గయా” అంది. అంతమంది ఆడాళ్ళు నన్ను చూసి చప్పట్లు కొట్టడం మీ అమ్మమ్మ చూడలేదు గాబట్టి సరిపోయింది.

మన దీపం కూడా ఎల్లింది. బా ఎల్లింది. అందరికంటే ముందే ఎల్లింది. దాని గురించి ఇంకేం అడక్కు.

నేనే ఒకటి అడుగుతా. నీ కిందటి ఉత్తరంలో అక్షరాలన్నీ ఒక పక్కకి ఒరిగిపోయినియ్యి, గాలివానకి వరిచేను పడ్డట్టు. పడుకుని రాశావా? నడుస్తన్నానని రాశావు. నడిచేవాళ్ళ రాత అలా ఉండదు. నాకు చెవులే పోయినియ్యి, కళ్ళు కాదు. ఆ ఉత్తరం దిండు కింద పెట్టుకుని రోజూ తీసి ఆ ఒరుగు చూస్తన్నా. అన్నంలో ఉప్పు రెండుసార్లేశాను. నిజం రాయి.

తాత

*

కాకినాడ
10-12-2024

తాతా,

ఈసారి కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు చూసుకో, నిటారుగా ఉన్నాయి.

అవును, పడుకునే రాశాను. దీపావళి ముందునుంచే ఎడమవైపు తిరిగి పడుకోమన్నారు. పౌర్ణమి రోజు కాకినాడ ఆసుపత్రిలో చేర్చారు. నువ్వు అంత దూరంలో ఉండి ఏం చెయ్యగలవని చెప్పలేదు. అందరం కలిసి నీ దగ్గర దాచాం. దాచమన్నది అత్తయ్య. “ముసలాడు వింటే గుండిగలో పడతాడు” అంది.

పౌర్ణమి వెళ్ళిన వారానికి పాప పుట్టింది.

ఉంది తాతా. ఉంది. గాజుపెట్టెలో ఉంది. ముక్కుకి గొట్టం ఉంది. నా అరచేతికి కొంచెం పెద్దది, అంతే. డాక్టరమ్మని ఎప్పుడడిగినా “చూద్దాం, బరువు పెరగనివ్వండి” అంటోంది. ఆ ‘చూద్దాం’ వినలేక చచ్చిపోతున్నాను. ఎనిమిదో నెలలో పుట్టినవాళ్ళ గురించి మన ఊళ్ళో ఏమంటారో నీకు తెలుసు, రాయను.

మీ నూర్ మొహమ్మద్ నిన్న ఆసుపత్రికే వచ్చాడు. ఖర్జూరాలిచ్చాడు. అత్తయ్య ఆయన ఫోను అడిగింది. ఒట్టు ఉందన్నాడు. “ఒట్టు నాకు లేదుగా” అని లాక్కుంది. తెడ్డుతో నువ్వు నిలబడ్డ ఫొటో. మూతి మీద మీసం లేదు.

తాతా, వరండా అంతా వినపడేలా అరిచింది అత్తయ్య. “మీసం తీశాడే! అయినవాళ్ళు పోతే కదా తీస్తారు! బిడ్డ ఊపిరితో ఉండగానే ఎవరికి కర్మ చేశాడే ముసలాడు!” నర్సులు పరిగెత్తుకొచ్చారు.  నేనైతే నీకేదో తెలిసిపోయిందనుకున్నా, మాకు చెప్పకుండా దాస్తున్నావనుకున్నా.

నూర్ మొహమ్మద్ చేతులు జోడించాడు. “అమ్మా, కర్మ కాదమ్మా. అమ్మాయి జుట్టు రాలేదని మీసం తీసి దొప్పలో పెట్టాడు. దాని రక్తమే కదా నాది, నా వెంట్రుక చాల్దా అన్నాడు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని మరీ తీశాడు” అని చెప్పాడు. అత్తయ్య కళ్ళజోడు తుడుచుకుని ఫొటో మళ్ళీ చూసింది.

తర్వాత ఆయన ఇంకోటి కూడా చెప్పాడు, నువ్వు రాయనిది. నీ దీపం ముందుకెళ్ళలేదట. అందరివీ అవతలి అంచుకి చేరి ఆగితే, నీ ఒక్కడిదీ చుట్టూ తిరిగి నీ దగ్గరికే వచ్చిందట. తెడ్డుతో తోశావట. మళ్ళీ వచ్చిందట. మళ్ళీ తోస్తే మళ్ళీ వచ్చి నీ కాళ్ళ దగ్గరే ఆగి, కొవ్వొత్తి అయిపోయేదాకా అక్కడే వెలిగిందట. నువ్వు తెల్లబోయి తొట్టి పక్కన చతికిలబడ్డావట. “చెడు పోలేదురా, వెనక్కొచ్చేసింది” అని రెండు రోజులు అన్నం తినలేదట.

అది విని నేను ఏడుపు మొదలెట్టాను. అప్పుడు అత్తయ్య అంది: “ఏంటీ? తోసినా వెనక్కొచ్చిందా?”

“అవునమ్మా.”

“ఆరిపోలేదా?”

“లేదమ్మా.”

అత్తయ్య నా వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు. “పిచ్చిముండా, ఏడుస్తావేంటే? ఇదివరకు రెండూ ఎల్లిపోయినియ్యి. ఇది తోసినా ఎల్లనని కూచుంది. ఇంత మంచి కబురు దాస్తాడా ఆ ముసలాడు? రానీ, ఆడి పని చెప్తా” అంది. ఇప్పుడు వార్డులో కనపడినవాళ్ళందరికీ అదే చెబుతోంది. నీ తెడ్డు సంగతి కూడా.

ఇందాక గాజుపెట్టె కన్నంలోంచి ఒక వేలు పెట్టనిచ్చారు. పట్టుకుంది తాతా. దాని గోళ్ళు బియ్యపు నూక అంత ఉన్నాయి. వాటిని ఎవరు అడిగినా ఇవ్వను, ముందే చెబుతున్నా.

దుర్గ

*

అల్ వర్సాన్
22-12-2024

దుర్గా,

నీ ఉత్తరం పొయ్యి దగ్గర చదివాను. అన్నం అడుగంటింది. కాంపు మొత్తం మాడన్నం తిన్నది, ఒక్కడూ నోరెత్తలేదు. అందరికీ తెలిసిపోయింది మరి. నేనే చెప్పాను.

నోయ్‌కి చెప్తే చేతులు రెండూ మొహానికి అడ్డం పెట్టుకుని, కాసేపు తియ్యలేదు. ఆ రోజు మన దొప్పలో కరిగి గడ్డకట్టిన మైనం ముక్క దాచిందంట. ఇచ్చింది. తెస్తన్నా.

సెలవు కోసం ముదీర్, అదే మా మేనేజరు దగ్గరికెళ్ళాను. నా మూతి చూసి “కిస్కా మౌత్ హువా బాబా?” అన్నాడు, ఎవరు పోయారని. మీ అత్తగారు ఇక్కడిదాకా వచ్చేసిందనుకున్నా. “మౌత్ నహీ సాబ్, పైదా హువా” అన్నాను, చావు కాదు, పుట్టిందని. సంతకం పెట్టాడు. వచ్చే నెలాఖరుకి వస్తన్నా.

గంగాభవాని గారికి చెప్పు, ఆవిడ మాట రోజూ పొద్దున్నే ఒకసారి పైకి అనుకుంటన్నాను. నా చెవులకి వినపడేంత గట్టిగా. ఎల్లనని కూచుంది, ఎల్లనని కూచుంది. అలా అనుకుంటేనే తెడ్డు చేతిలో నిలబడతంది. ఇంకెప్పుడూ ఖలాస్ అని రాయను, ఒట్టు.

డాక్టరమ్మ ‘చూద్దాం’ అంటే నువ్వూ ‘చూద్దాం’ అను. భయపడుతూనే అను, పర్లేదు. నేనూ అంతే.

మీసం మొలుస్తంది. తెల్లగా, గరుగ్గా, కొబ్బరి పీచులాగా. ఇంకా పట్టుకి రాలేదు. ఆ పిల్లకీ పిడికిట్లో ఇంకా బలం రావాలి కదా. దానితో చెప్పు, నేను దిగేసరికి ఇది పట్టుకుని లాగాలి, కళ్ళెంట నీళ్ళు రావాలి నాకు.

దాని పిడికిలా, నా మీసమా. ఏది ముందో చూద్దాం.

తాత